చలికాలంలో జోడీగా లాంగ్ డిస్టెన్స్ రన్నింగ్: ఒక వారం ఎలా నడిపించాలి

డిసెంబర్ చివర్లో హైదరాబాద్‌లో పొద్దున అయిదింటికి రగ్గు తీసి పక్కన పడేయడం ఒక్కటే కష్టం, మిగతా 18 కిలోమీటర్లు దానికంటే తేలిక. ఇది ఒంటరిగా నాలుగేళ్ళు ట్రై చేసి, తర్వాత మా బావమరిదితో రెండు చలికాలాలు పరిగెత్తాక చెప్తున్న మాట. ఆ వారం ఎలా నడిపించాలో మాకు పనికొచ్చింది పనికొచ్చినట్టు రాస్తున్నా, మీకు తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఇది ఎవరికో చెప్తా. ఇప్పటికే ఆగకుండా 10 కిలోమీటర్లు పరిగెత్తగలిగి, జనవరిలో హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు చెయ్యాలనుకునేవాళ్ళకి. మేం ముంబై మారథాన్‌లో హాఫ్ కోసం చేశాం, అది మామూలుగా జనవరి మూడో ఆదివారం ఉంటుంది, అంటే సంక్రాంతి అరిసెలు తిన్న వారం లోపే, దాని సంగతి చివర్లో చెప్తా. ఇక్కడ రాసేది రేసుకి మూడు వారాల ముందు మొదలయ్యే వారం, అన్నింటికంటే బరువైన వారం. ఇంకా మొదలుపెట్టని వాళ్ళు దీన్ని పట్టుకుని సోమవారం దిగిపోకండి, మోకాళ్ళు మీవే.

జోడీ ఎవర్ని పెట్టుకోవాలి అంటే, అందరూ "నా పేస్‌లో పరిగెత్తేవాడు దొరకట్లేదు" అంటారు కానీ పేస్, అంటే కిలోమీటర్‌కి పట్టే నిమిషాలు, కలవక్కర్లేదండి, పొద్దున పరిగెత్తే టైమ్ కలవాలి, ఇల్లు దగ్గర్లో ఉండాలి, అంతే. మా వాడు హాఫ్ మారథాన్‌ని గంటా 50 నిమిషాల్లో చేస్తాడు, నాకు 2 గంటల 10 నిమిషాలు. కిలోమీటరుకి దాదాపు నిమిషం తేడా. అయినా నడుస్తోంది, ఎందుకంటే మేం ఒకటి తేల్చుకున్నాం: ఈజీ రన్ రోజు నెమ్మదిగా పోయేవాడు చెప్పిందే పేస్, స్పీడ్ రోజు ఎవరి పేస్ వాళ్ళది. ఈ ఒక్కటి ముందే మాట్లాడుకోకపోతే నెల తిరక్కుండా ఇద్దర్లో ఒకడు కుంటుతాడు, ఆ ఒకడు మొదటి చలికాలంలో నేనే, బుధవారం దగ్గర చెప్తా ఆ కథ.

ఇంకోటి, మిస్డ్ కాల్ పద్ధతి. రాత్రి 10 దాటాక "రేపు డౌటే" అని మెసేజ్ పెట్టడం మా దగ్గర బంద్. పొద్దున 5:05కి లేచినవాడు మిస్డ్ కాల్ ఇవ్వాలి, రెండోవాడు తిరిగి ఇవ్వాలి, 5:20కి గేటు దగ్గర. తిరిగి కాల్ రాకపోతే రింగ్ పూర్తిగా వెళ్ళేదాకా చేస్తాం, అప్పుడు వాళ్ళింట్లో మా అత్తగారు లేచి "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు, మీకేం ఖర్మరా ఈ చలిలో" అని అందుకుంటుంది, ఆ తిట్లకి భయపడైనా వాడు లేస్తాడు. వాట్సాప్ కంటే ఇదే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే మెసేజ్ చూసి మళ్ళీ పడుకోవచ్చు, గేటు దగ్గర మనిషి చలిలో నిలబడ్డాడని తెలిస్తే పడుకోలేం.

బట్టలు. మన వాళ్ళు చలి అనగానే స్వెట్టరు, దాని మీద జాకెట్, మంకీ క్యాప్ వేస్కుని దిగుతారు, రెండో కిలోమీటర్‌కి అన్నీ నడుంకి కట్టుకుని గంగిరెద్దులా తయారవుతారు. లెక్క ఏంటంటే బయట ఉన్నదానికంటే ఓ 10 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుని డ్రెస్ అవ్వాలి. హైదరాబాద్‌లో 13, 14 డిగ్రీలంటే అసలు పరిగెత్తడానికి బంగారం లాంటి వాతావరణం, ఏప్రిల్‌లో ఇదే టైమ్‌కి పరిగెత్తినవాళ్ళకి తెలుస్తుంది దీని విలువ. కాబట్టి చెమట త్వరగా ఆరే ఒక పల్చటి ఫుల్ హ్యాండ్స్ డ్రై ఫిట్ టీషర్ట్, షార్ట్స్, చెవులకి ఒక బఫ్ (మెడలోంచి తొడుక్కునే గొట్టం లాంటి గుడ్డ) లేదా జేబురుమాలు, చలి ఎక్కువ తెలిస్తే చేతులకి ఉన్ని గ్లోవ్స్, చాలు. కాటన్ బనియన్ వద్దు, చెమటకి తడిసి ఒంటికి అతుక్కుని ఆగిన వెంటనే వణికిస్తుంది. మొదటి అయిదు నిమిషాలు కొంచెం చలి వెయ్యాలి, వెయ్యకపోతే ఎక్కువ వేసుకున్నట్టు లెక్క. ఇక సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు వైపు ఉండేవాళ్ళకి సిటీ మధ్యలో కంటే బాగా ఎక్కువ చలి ఉంటుంది, వాళ్ళు ఇంకో లేయర్ వేస్కున్నా తప్పులేదు.

చీకటి సంగతి కూడా. ఈ నెలలో సూర్యుడు 6:40 దాటాకే కనిపిస్తాడు, అంటే మన రన్‌లో సగం పైన చీకట్లోనే. నల్ల టీషర్ట్ వేస్కోకండి, వందో రెండొందలో పెడితే మెరిసే పట్టీల జాకెట్ వస్తుంది, అది వేస్కోండి. రోడ్డు మీద అయితే ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడి వైపు పరిగెత్తండి, బండి వస్తే పక్కపక్కన కాదు ముందూ వెనకా అవ్వండి, వెనకున్నవాడే "బండి" అని అరవాలి. ఇద్దరూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇక జోడీ ఎందుకు.

సోమవారం రెస్ట్. ఏమీ చెయ్యకండి. నిజంగా. ఆఫీసులో మెట్లెక్కితే అదే వర్కౌట్.

మంగళవారం ఇంటర్వెల్స్, అంటే కొంత దూరం ఫాస్ట్‌గా, మధ్యలో కొంత జాగింగ్, మొత్తం 10 కిలోమీటర్ల దాకా వస్తుంది. గేటు దగ్గరికి రాకముందే ఇంట్లో అయిదు నిమిషాలు కాళ్ళు ఊపడం, మోకాళ్ళు పైకెత్తి అక్కడే గెంతడం, మడమలు వెనక్కి తన్నడం చెయ్యండి, చలికి కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి నిలబడి వంగి లాగే స్ట్రెచ్‌లు ముందు చెయ్యకండి, అవి రన్ అయ్యాక. తర్వాత 2 కిలోమీటర్లు మెల్లగా. ఆ తర్వాత 800 మీటర్లు ఆరు సార్లు, మధ్యలో 400 జాగింగ్. ట్రాక్ దొరికితే మంచిది, 400 మీటర్ల ట్రాక్ మీద లోపలి లేన్‌లో రెండు చుట్లు. స్టేడియాల్లో టైమింగ్స్, పాస్ అడుగుతారు, ముందు రోజే కనుక్కోండి. దొరక్కపోతే బండ్లు తక్కువ తిరిగే చదునైన రోడ్డు ఏదైనా పర్లేదు, వాచీ పెట్టుకుని చెయ్యొచ్చు.

ఇక్కడే జోడీకి అసలు చిక్కు. నాకు 800కి 4 నిమిషాల 30 సెకండ్లు పడుతుంది, వాడికి 3:48. కలిసి పరిగెత్తితే ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. మేం ఏం చేస్తామంటే ఏడున్నర నిమిషాలకి ఒక రౌండ్ అని పెట్టుకుంటాం. ఇద్దరం ఒకే గీత దగ్గర ఒకేసారి బయల్దేరతాం, వాడు ముందు అయిపోతాడు, నేను తర్వాత అవుతాను, ఇద్దరం జాగింగ్ చేస్కుంటూ మళ్ళీ అదే గీత దగ్గరికి వస్తాం, ఏడున్నర కాగానే మళ్ళీ కలిసి బయల్దేరడం. వాడికి రెస్ట్ 40 సెకండ్లు ఎక్కువ దొరుకుతుంది, దొరకనీ, వాడి స్పీడ్ కూడా ఎక్కువే కదా. నాకొచ్చే లాభం ఏంటంటే ప్రతి రౌండ్‌లో మొదటి 100 మీటర్లు వాడి వీపు ఎదురుగా ఉంటుంది, అయిదో రౌండ్‌లో ఇక చాలు అనిపించినప్పుడు గీత దగ్గర ఒకడు "బావా ఇంకో రెండే" అంటూ నిలబడి ఉంటాడు, ఒంటరిగా అయితే నేను నాలుగుకే ఇంటికెళ్ళిపోయేవాణ్ణి, చాలాసార్లు వెళ్ళిపోయాను కూడా. ఆరో రౌండ్ మొదటి రౌండ్ టైమ్‌కే రావాలి, బాగా పడిపోతే మొదట్లో ఎగిరిపడ్డారని అర్థం. ఆఖర్లో ఒక కిలోమీటర్ మెల్లగా.

బుధవారం ఈజీ, 6 కిలోమీటర్లు. అందరూ తేలిగ్గా తీస్కునేది ఇదే, అందరూ చెడగొట్టేదీ ఇదే. ఈజీ అంటే పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. మేం పరిగెత్తుతూ ఆఫీసు గొడవలు, స్థలం రిజిస్ట్రేషన్ గొడవలు మాట్లాడుకుంటాం, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే స్పీడ్ ఎక్కువైందని లెక్క. నాకు అది కిలోమీటర్‌కి 7 నిమిషాలు. వాడికి అది మరీ నత్తనడక, అయినా వాడు ఒప్పుకోవాల్సిందే, ఈజీ రోజు పని ఒంట్లో రక్తం ఆడించి మంగళవారం దెబ్బ నుంచి కోలుకోవడమే కాబట్టి నెమ్మదైతే వాడికి నష్టం లేదు, నేను వాడి పేస్‌కి పోతే మాత్రం నాకది మూడో స్పీడ్ రోజైపోతుంది.

మొదటి చలికాలంలో నాకు ఇదే జరిగింది. వాడేం కావాలని చెయ్యలేదు పాపం, పక్కనే పరిగెత్తుతూ ఎప్పుడూ ఒక్క అర అడుగు ముందుండేవాడు, నా మోచేయి వాడి వీపు దగ్గర. ఆ అర అడుగు కలుపుదామని నేను కొంచెం పెంచేవాణ్ణి, నేను పెంచగానే వాడు తెలీకుండానే ఇంకొంచెం పెంచేవాడు. ఇంటికొచ్చి వాచీ చూస్తే పేస్ కిలోమీటర్‌కి 6:20. "ఈజీగానే ఉంది కదా" అని మూడు వారాలు గడిపాం, నాలుగో వారం కుడి కాలి ముందు ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి, డాక్టర్ మూడు వారాలు పరుగు మానెయ్యమన్నాడు. అప్పట్నుంచీ రూల్, భుజం భుజం పక్కన ఉండాలి, నెమ్మదివాడి భుజం దాటితే ముందుకెళ్ళినవాడు ఆ రోజు టీ డబ్బులు ఇవ్వాలి. ఇప్పటికి చాలా టీలు తాగాను.

ఇదే రోజు కుక్కల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈజీ రన్ మనం కాలనీ గల్లీల్లోనే చేస్తాం. చలికి అవి మూలన ముడుచుకుని పడుకుని ఉంటాయి, చీకట్లో మన అడుగుల చప్పుడుకి ఒకేసారి లేస్తాయి. అప్పుడు పిక్కబలం చూపించకండి, పరిగెత్తేవాణ్ణే తరుముతాయి. ఆగండి, నడవండి, ఇద్దరూ దగ్గరగా ఉండండి, కళ్ళలోకి చూడొద్దు, వీపు మొత్తం తిప్పెయ్యొద్దు. వాటి గల్లీ దాటేదాకా ఓ యాభై అడుగులు నడిస్తే పోయేదేం లేదు, వాచీ పాజ్ చేస్కోండి. ఒకవేళ పన్ను దిగితే సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే వెళ్ళి రేబీస్ ఇంజెక్షన్ మొదలుపెట్టండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

గాలి గురించి ఒక మాట. చలికాలం పొద్దున్నే గాలి శుభ్రంగా ఉంటుందనుకుంటాం కానీ తలకిందులు. రాత్రి నేల చల్లబడి కింద గాలి బరువెక్కి కూర్చుంటుంది, పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది, పొగ, దుమ్ము ఆ మూత కిందే ఉండిపోతాయి. దానికి తోడు రోడ్డు పక్కన ఆకులు, చెత్త తగలబెడతారు. ఎండ వచ్చాక అది మెల్లగా విడుతుంది. అందుకే పొగమంచుకి పొగ వాసన కూడా తోడైన రోజు మేం ఇంటర్వెల్స్ చెయ్యం, వాటిని ఈజీగా మార్చేస్తాం లేదా సాయంత్రానికి తోస్తాం, పెద్ద రోడ్లు వదిలేసి చెట్లున్న వైపు పోతాం. ఆస్తమా ఉన్నవాళ్ళకి చల్లటి పొడి గాలే గొంతు బిగిస్తుంది, బఫ్ ముక్కు మీదకి లాక్కుంటే లోపలికెళ్ళే గాలి కొంచెం వెచ్చబడుతుంది, ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి, జేబులో ఉండాలి, అది ఏ జేబులో ఉందో జోడీకి తెలియాలి.

గురువారం టెంపో, మొత్తం 8 కిలోమీటర్లు. 2 కిలోమీటర్లు వార్మప్, 5 కిలోమీటర్లు టెంపో, ఒకటి కూల్‌డౌన్. టెంపో అంటే మూడు నాలుగు మాటలు అనగలం, కబుర్లు చెప్పలేం, ఆ స్థాయి. హాఫ్ పేస్ కంటే కిలోమీటర్‌కి ఓ 10 సెకండ్లు ఫాస్ట్ అనుకోండి, నాకు 6:00, వాడికి 5:05. నెక్లెస్ రోడ్ దీనికి బాగుంటుంది, చదును, ఒక పక్క హుస్సేన్ సాగర్, మలుపులు తక్కువ. ఇక్కడ మా ఆట ఇదీ: నాకు అయిదు కిలోమీటర్లకి 30 నిమిషాలు, వాడికి 25 నిమిషాల చిల్లర, కాబట్టి నేను బయల్దేరిన నాలుగున్నర నిమిషాలకి వాడు బయల్దేరతాడు. ఇద్దరూ కరెక్ట్‌గా చేస్తే ఆఖర్లో కలవాలి. నాలుగో కిలోమీటర్ దాటాక వెనక వాడి షూ చప్పుడు వినిపించడం మొదలవుతుంది చూడండి, ముందు అనుమానంగా, తర్వాత ఊపిరితో సహా, మెడ తిప్పకూడదు అనుకుంటూనే తిప్పుతాను, ఆ 500 మీటర్లు ఏ వాచీ, ఏ యాపూ అలా పరిగెత్తించలేవు. ఒక్క జాగ్రత్త, అది రేసు చెయ్యకండి. వాడు దాటేస్తే దాటెయ్యనివ్వండి, ఆదివారం ఇంకా ఉంది.

అయిపోగానే తడి టీషర్ట్ మార్చండి. నీళ్ళు తాగే ముందే, ఫొటో దిగే ముందే. గట్టు మీద గాలికి రెండు నిమిషాల్లో ఒళ్ళు చల్లబడి వణుకొస్తుంది, నేనైతే బండి డిక్కీలో ఒక పాత స్వెట్టరు ఈ నెలంతా అక్కడే పెడతాను.

శుక్రవారం పరుగు లేదు, ఇంట్లో 20 నిమిషాలు. గుంజీళ్ళు 15 చొప్పున మూడు సార్లు (స్కూల్లో తీయించినవే, చెవులు పట్టుకోనక్కర్లేదు), మెట్టు అంచు మీద నిలబడి మడమలు కిందకి దించి పైకి లేపడం, ఒక్కో కాలికి 12, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళు తిన్నగా ఆపి ఉంచడం) అరనిమిషం మూడు సార్లు. మెట్టు మీద చేసేది మాత్రం వదలకండి, పిక్కలకి అదే కవచం.

శనివారం మళ్ళీ ఈజీ 6, ఆఖర్లో 100 మీటర్లు నాలుగు సార్లు చురుగ్గా, పూర్తి స్ప్రింట్ కాదు. రాత్రి త్వరగా తినండి, పప్పన్నం పెరుగన్నం చాలు, కొత్త వంటలు వద్దు, శనివారం రాత్రి బిర్యానీకి వెళ్తే ఆదివారం తొమ్మిదో కిలోమీటర్ దగ్గర అది మిమ్మల్ని పలకరిస్తుంది.

ఆదివారం లాంగ్ రన్, 18 కిలోమీటర్లు. వారం మొత్తం 48 అవుతుంది. లాంగ్ రన్ వారం మొత్తంలో మూడో వంతు దాటకూడదని అంటారు, ఇక్కడ కొంచెం దాటింది, వారానికి అయిదు రోజులే పరిగెత్తేవాళ్ళకి ఇది తప్పదు, అందుకే దీని పేస్ మరీ నెమ్మదిగా ఉండాలి. మేం కేబీఆర్ పార్క్ బయట చుట్టూ పరిగెత్తుతాం, ఒక చుట్టు దాదాపు ఆరు కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు బాగా ఉంటాయి, మూడు చుట్లు కొడితే లెక్క సరిపోతుంది. చుట్లలో సుఖమేంటంటే కారులో నీళ్ళు పెట్టుకుని ప్రతి చుట్టుకీ తాగొచ్చు, ఎవరికైనా కాలు పట్టేసినా కారు దగ్గరే ఉంటుంది. ముంబైలో పెడ్డర్ రోడ్ దగ్గర ఒక ఎత్తు ఉంది, అది కాళ్ళు అలిసిపోయాక వస్తుంది, కేబీఆర్ మూడో చుట్టు దానికి రిహార్సల్. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసి చేతులు ఊపండి, పేస్ పడిపోతే పడిపోనివ్వండి.

మొదటి రెండు చుట్లు ఇద్దరం కలిసే, 7:10 పేస్‌లో. మూడో చుట్టు వాడికి ఫ్రీ, వాడి రేసు పేస్‌లో వెళ్ళిపోతాడు, నేను నా దారిన నేను వస్తాను. వాడికి ఇంకా దూరం కావాలంటే నాకంటే అరగంట ముందొచ్చి నాలుగు కిలోమీటర్లు వేస్కుని నన్ను కలుస్తాడు, ఇది మంచి పద్ధతి, ఆఖర్లో ఎవరూ ఎవరి కోసమూ చలిలో ఎదురుచూడక్కర్లేదు.

తిండి, నీళ్ళు. బయల్దేరే ముందు అరటిపండో, తేనె రాసిన బ్రెడ్డో. చలికి దాహం తెలీదు, చెమట కూడా పొడిగాలికి ఎగిరిపోతుంది కాబట్టి పట్టలేదనుకుంటాం, ఇంటికొచ్చాక తలనొప్పి వస్తే అదే. ప్రతి చుట్టుకీ నాలుగైదు గుక్కలు తాగండి. గంటన్నర దాటే రన్‌లో మధ్యలో తినాలి, గంటకి 30 గ్రాముల పైన పిండిపదార్థం అంటారు, ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు తింటే దాదాపు వచ్చేస్తుంది, ఉప్పు కోసం ఓఆర్ఎస్, ప్యాకెట్ మీద ఎంత నీళ్ళు రాశారో అంతే కలపండి, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. పల్లీ పట్టీ పరిగెత్తుతూ తినకండి, గొంతులో పలుకు ఇరుక్కుని నేను ఒకసారి చెట్టు పట్టుకుని అయిదు నిమిషాలు దగ్గాను.

వారం మధ్యలో జలుబు చేస్తే? మెడ పైన మాత్రమే ఉంటే, ముక్కు కారడం, తుమ్ములు, ఈజీ రన్ చేస్కోవచ్చు. మెడ కింద దిగితే, అంటే ఛాతీలో కఫం, ఒళ్ళు నొప్పులు, లేదా జ్వరం ఏ కాస్త ఉన్నా, వద్దు. జోడీకి అంటుకుంటుంది, అది వేరే పాపం. పోయిన రన్‌ని మర్నాడు కలిపి చేసెయ్యడం కూడా వద్దు, పోయింది పోయింది.

ఇద్దర్లో ఒకడు ఊరెళ్తే మంగళవారం, గురువారం ఎక్కడున్నా చేస్కోవచ్చు కానీ ఆదివారం మాత్రం కలిపి పెట్టుకోండి, శనివారానికి జరిపినా సరే, రెండు గంటలు చీకట్లో ఒంటరిగా పరిగెత్తడం బోరు, సేఫ్ కూడా కాదు.

ఈ వారం అయ్యాక దూరం తగ్గించడమే. తర్వాతి వారం 36, రేసు వారం, రేసు కాకుండా, అందులో సగం. ఒక్కటి మాత్రం కలపండి, ముంబైలో సముద్రం పక్కన ఉక్క, మన పొడి చలికి అలవాటైన ఒంటికి అది దెబ్బే, అందుకని తర్వాతి వారంలో రెండు ఈజీ రన్‌లు ఎనిమిదింటికి, ఎండ వచ్చాక చెయ్యండి. కొత్త షూ కొనాలంటే ఈ వారమే కొనండి, రేసు వారం కాదు.

ఇక సంక్రాంతి. అరిసెలు, సకినాలు, బొబ్బట్లు అసలు తినొద్దంటే వినేవాడెవడు. మేం పెట్టుకున్న లెక్క, పండగ రోజు భోజనంలో ఏదైనా తినొచ్చు, కనుమ నుంచి నూనె సరుకు బంద్. మా అత్తగారు రైలుకి కట్టిచ్చిన అరిసెల డబ్బా బావమరిది బ్యాగులో ఉంటుంది, దాని మూతకి టేపు నేను వేస్తాను, ఫినిష్ లైన్ దాటి మెడల్ మెడలో పడ్డాక ఆ టేపు పీకేది ఎవరన్నది మాత్రం టైమింగ్‌ని బట్టి కాదు, పందెంలో ఎక్కువ టీలు ఇచ్చినవాడికే ఆ హక్కు.